ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు, ఒక పడవ

కొత్తరేవు
22 జూన్ 2024

అత్తయ్యకి,

నమస్కారాలు. ఫోన్ చేస్తే నాగదుర్గ వదిన మధ్యలో నిలబడి నా మాటలన్నీ మీ చెవిలో అరవాల్సి వస్తోంది. పోయినసారి నేను "కొత్త స్కూల్లో చేరాను" అంటే మీరు "పూలు ఎందుకురా" అన్నారట. అందుకని ఉత్తరం.

ఇక్కడి హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల లెక్కలు నాకిచ్చారు. పిల్లలు గుణకారాలు, భాగహారాలు తప్పుల్లేకుండా చేస్తారు. అదే లెక్కని మాటల్లో రాసిస్తే పెన్ను కింద పెట్టేస్తారు. "కలపాలా సార్, తీసెయ్యాలా?" అని అడుగుతారు. ఏదో ఒకటి చెబితే చేసేస్తారు. ఆలోచించే పని మాత్రం నాదే అన్నట్టు చూస్తారు. మీరు రామచంద్రపురంలో ముప్పై ఏళ్లు పొడుపు లెక్కలతోనే పాఠం చెప్పారు కదా. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

ఇంకో సంగతి. మా పిల్లల్లో సగం మంది దోసలంక నుంచి వస్తారు. ఏటి మధ్యలో ఉన్న ఊరు. వంతెన లేదు, పడవే. లైఫ్ జాకెట్లు ఇచ్చారు గానీ, వేసుకుంటే యూనిఫాం నలిగిపోతుందని వాటి మీద కూర్చుని వస్తారు. నాకు ఈత రాదని మీకు తెలుసు. రోజూ ప్రేయర్ ముందు రేవు దగ్గర నిలబడి, పడవ ఒడ్డుకి తగిలేదాకా చూస్తాను. అంతవరకూ తలలు లెక్కపెడుతూనే ఉంటాను. హెడ్మాస్టరు వీరబ్రహ్మం గారు నవ్వుతారు. "వాళ్లు నడక రాకముందే పడవెక్కిన పిల్లలండీ మాస్టారూ. మీరు లోపలికి రండి, టీ చల్లారిపోతోంది" అంటారు.

అమ్మకి ఇవేం చెప్పకండి. నేను బైకు మీద తిరుగుతున్నానన్న దిగులే చాలు ఆవిడకి.

మీ మణిశంకర్


రామచంద్రపురం
27 జూన్ 2024

చి. మణికి,

చెవి మెషీన్ మళ్లీ కూత పెడుతోంది. తీసి డబ్బాలో పడేశాను. ఉత్తరమైతే అది లేకుండానే వినపడుతుంది.

నీ పిల్లలకి రోగమేం లేదు. వాళ్లని ఇంతవరకూ ఎవరూ ఆగి ఆలోచించనివ్వలేదు, అంతే. వారానికి ఒక్క లెక్క ఇవ్వు. జవాబు చెప్పకు. వాళ్లు బతిమాలతారు, అలుగుతారు. అయినా చెప్పకు. తేలకపోతే ఇంకా చిన్న లెక్క చేసి చూడమను. ఇద్దరితో కాకపోతే ఒకరితో చూడమను.

లంక పిల్లలంటున్నావు కాబట్టి పడవ లెక్కతో మొదలుపెట్టు. ఏటి ఒడ్డున ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. ఒకటే పడవ. అది ఒక పెద్దమనిషిని గానీ, ఇద్దరు పిల్లల్ని గానీ మోస్తుంది. అందరూ అవతలికి ఎలా చేరతారు? పిల్లలిద్దరూ ముందు వెళ్లాలి, ఒకరు అక్కడ ఉండిపోయి రెండోవాళ్లు పడవ వెనక్కి తేవాలి. అప్పుడు ఒక పెద్దమనిషి వెళ్తే, అవతల ఉన్న పిల్ల పడవ వెనక్కి తెస్తుంది. మళ్లీ మొదటి నుంచి. ఇది నువ్వు చెప్పకు, వాళ్లే తేల్చాలి.

మొదట్లో లేనిపోనివి కలుపుతారు. మా మావయ్య పెద్ద పడవ తెస్తాడు అంటారు. ఏరు లోతు లేదు, నడిచెళ్లిపోతాం అంటారు. ఒప్పుకోకు. ప్రశ్నలో లేనిది కలపకూడదు, ప్రశ్నలో ఉన్నది వదలకూడదు. ఈ ఒక్క నియమం పట్టుబడితే సగం గణితం వచ్చినట్టే.

నీ భయం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? కాకినాడలో పుట్టి, సముద్రం దగ్గరికి తీసుకెళ్తే మీ అమ్మ చీరకుచ్చెళ్లలో దూరినవాడివి.

ఆశీస్సులతో
లలితాంబ


కొత్తరేవు
6 జూలై 2024

అత్తయ్యకి,

నమస్కారాలు. పడవ లెక్క పని చేసింది. ఎలాగో రాస్తాను.

తొమ్మిదో తరగతిలో హెలెన్ అని దోసలంక పిల్ల ఉంది. తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తుంది, తండ్రి లేడు. నాన్నమ్మ జ్ఞానమ్మ పెంచుతోంది. తమ్ముడు బుల్లబ్బాయి ఎనిమిదిలో ఉన్నాడు. లెక్క బోర్డు మీద రాయగానే హెలెన్ లేచింది.

"ఇది అవ్వదు సార్. ఒక్కరే పడవ వెనక్కి తేలేరండి. ఏరు కిందికి లాగేస్తాది."

"ప్రశ్నలో లాగుడు గురించి ఉందా?" అన్నాను.

"ఏరు అని రాశారు కదండి. ఏరుంటే లాగుడుంటాది కదండి."

తరగతి నవ్వింది. నేను మీ నియమం చెప్పాను. ఆ పిల్ల వినలేదు. పేపరు మీద ఏరు బొమ్మ గీసి, పడవ రేవు తప్పి ఎంత కిందికి పోతుందో చూపించింది. సున్నా వేశాను. మర్నాడు గాలి సంగతి రాసుకొచ్చింది. మళ్లీ సున్నా.

మూడో రోజు ఏమీ వాదించకుండా, మెట్టు మెట్టుగా సరైన జవాబు తెచ్చింది. అంతటితో ఆగలేదు. "పెద్దవాళ్లు ఎంతమందున్నా పర్లేదు సార్. ఇద్దరు పిల్లలు చాలు" అంది. ఎవరూ చెప్పకుండా సూత్రం కట్టింది అత్తయ్యా. ఇప్పుడు తరగతంతా ఆమె దగ్గర చేరుతున్నారు. "కలపాలా, తీసెయ్యాలా" అని అడిగేవాళ్లు తగ్గారు.

ఇక్కడి నుంచి ఏం చెయ్యమంటారు?

మీ మణిశంకర్


రామచంద్రపురం
12 జూలై 2024

చి. మణికి,

నీ ఉత్తరం నాగదుర్గకి చదివి వినిపించాను. అది బ్యాంకుకి టైమైపోతోందని అరుస్తున్నా వదల్లేదు. ఆ పిల్లని జాగ్రత్తగా చూసుకో. అలాంటివాళ్లు తరగతికి ఒకరు దొరికితే టీచరు అదృష్టవంతుడు.

ఇక బోర్డు దగ్గర ఆగిపోకు. చేతులతో చేయించు. మనుషుల్నే నిలబెట్టి, నిజంగా ఎక్కించి దించి చేసి చూసినప్పుడే లెక్క ఒంటికి పడుతుంది. గోల అవుతుంది, అవనీ. మధ్యలో భయపడి ఆపించకు. టీచరు భయపడ్డాడని పిల్లలకి తెలిస్తే ఇక ఏదీ ప్రయత్నించరు.

కొబ్బరికాయల బేరగాడు వచ్చాడు, గేటు కొడుతున్నాడట. పక్కింటావిడ సైగ చేస్తోంది. ఉంటాను.

లలితాంబ


కొత్తరేవు
13 జూలై 2024

అత్తయ్యకి,

మొన్నటి ఉత్తరానికి మీ జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఒకటి జరిగింది.

నిన్న తరగతిలోకి రాగానే హెలెన్ చెయ్యెత్తింది. "చేసి చూశాం సార్. లెక్క నిజమేనండి!" అంది. లంక అవతలి వైపు చిన్న పాయ ఉంటుందట. అక్కడ, వాళ్ల పక్కింటి తాతాజీ అనే పెద్దాయనకున్న చిన్న పడవలో, అక్కా తమ్ముడు కలిసి నాన్నమ్మని, తాతాజీని ఒడ్డు దాటించారట. ముందు ఇద్దరూ వెళ్లడం, ఒకరు వెనక్కి రావడం, అన్నీ మన లెక్క ప్రకారమే. బుల్లబ్బాయి ఒక్కడే పడవ తెచ్చాడని చెబితే, అక్క వెంట మా తరగతికి వచ్చి కూర్చున్న వాడు సిగ్గుపడి బెంచీ కింద దూరాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తర్వాత స్టాఫ్ రూమ్‌లో కూర్చుని మళ్లీ ఆలోచించాను. ఇప్పుడు పాయలో నీళ్లు నిలకడగా ఉన్నాయి. పైన వానలు మొదలయ్యాయి. ఏరు కొత్త నీటితో రోజురోజుకీ ఎర్రబడుతోంది. ఈ పిల్లకి లాగుడు సంగతి నాకంటే బాగా తెలుసు. తెలిసినదాన్ని వదిలెయ్యమని చెప్పింది నేను.

ఇది ఆపించనా? జ్ఞానమ్మకి కబురు చెయ్యనా? చేస్తే హెలెన్ మళ్లీ తరగతిలో నోరు విప్పదేమోనని ఇంకో భయం. మీరు ఏది చెబితే అది చేస్తాను.

మీ మణిశంకర్


కొత్తరేవు
16 జూలై 2024

అత్తయ్యకి,

మీ జవాబు ఇవాళ అందింది. ఇంత త్వరగా వస్తుందనుకోలేదు. నిజంగా ఎక్కించి దించి చేయించమన్నారు, భయపడి ఆపించవద్దన్నారు. నేను జ్ఞానమ్మకి తెల్లకాగితం మీద కబురు రాసి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. చింపేశాను.

ఇవాళ హెలెన్‌ని పిలిచి బాగా చేశావన్నాను. ఆ పిల్ల ముఖం చూడాల్సింది.

భయం మాత్రం పోలేదు. అది నా సొంతం అనుకుంటాను.

మీ మణిశంకర్


రామచంద్రపురం
18 జూలై 2024

మణీ,

నీ 13వ తేదీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నాగదుర్గ చేత ఫోన్ చేయిస్తే నీది కలవడం లేదు. స్పీడ్ పోస్టులో రాస్తున్నాను. ఆపించు. ఇది చేతికందిన గంటలోనే. హెలెన్‌ని, వాళ్ల తమ్ముణ్ణి పిలిచి ఆ లెక్క కాగితం మీదిదే తప్ప ఏటి మీదిది కాదని చెప్పు. అర్థమైందా అని అడగొద్దు, వాళ్ల చేతే తిరిగి చెప్పించు. తాతాజీ ఎవరో కనుక్కుని పడవ గొలుసుకి తాళం వేయించు. జ్ఞానమ్మకి నువ్వే స్వయంగా చెప్పు. పిల్ల అలిగితే అలగనీ.

లలితాంబ


రామచంద్రపురం
24 జూలై 2024

మణీ,

టీవీలో ధవళేశ్వరం బ్యారేజి చూపిస్తున్నారు. గేట్లన్నీ ఎత్తేశారు. లంకలు మునిగాయని కింద అక్షరాలు పోతున్నాయి. ఏ లంకలో చెప్పరు. నాగదుర్గ పొద్దుటి నుంచి నీ ఫోన్‌కి చేస్తోంది. స్విచ్ఛాఫ్. మీ అమ్మ కాకినాడ నుంచి దానికి చేస్తోంది. అది ఏదో చెప్పి పెట్టేస్తోంది. ఏం చెబుతోందో నాకు వినపడదు. దాని ముఖం చూసి ఊహించుకుంటున్నాను. అది ఇంకా ఘోరం.

నీ 16వ తేదీ ఉత్తరం నిన్న వచ్చింది. చదివి, మళ్లీ చదివాను. ఒరేయ్, నీకు అందినది నీ ప్రశ్నకి జవాబు కాదురా. నేను దాన్ని 12న రాశాను. అప్పటికి నువ్వు ఆ ప్రశ్నే అడగలేదు. అది నీ 6వ తేదీ ఉత్తరానికి జవాబు. తరగతి గదిలో సుద్దతో రెండు గీతలు గీసి, పీటని పడవ అనుకుని, దాని మీద పిల్లల్ని ఎక్కించి దించమన్నాను. మా స్కూల్లో అలాగే చేసేదాన్ని. పీట అన్న మాట రాయలేదు. అదొక్కటి రాసి ఉంటే!

తారీకు పైనే ఉంది కదరా. చూడలేదా?

పోస్టు అటువైపు వెళ్లడం లేదని ఇక్కడి పోస్టుమాస్టరు చెప్పాడు. అయినా రాస్తున్నాను. నా స్పీడ్ పోస్టు అందిందో లేదో. ఒక్క ముక్క రాయి. ఎవరిచేతైనా కబురు పెట్టు.

అత్తయ్య


కొత్తరేవు
30 జూలై 2024

అత్తయ్యకి,

ముందు ఇది చదవండి: అందరూ బతికే ఉన్నారు. మిగతాది తీరిగ్గా చదవండి.

కరెంటు నిన్న వచ్చింది, ఫోన్ సిగ్నల్ ఇంకా రాలేదు. మీ ఉత్తరాలు రెండూ ఇవాళ కలిసి అందాయి. స్పీడ్ పోస్టు కవరు తడిసి సిరా పాకింది గానీ చదవగలిగాను. 12వ తేదీ ఉత్తరం తీసి చూశాను. తారీకు ఉంది. ప్రశ్నలో ఉన్నది వదలకూడదని పిల్లలకి చెప్పినవాణ్ణి.

వరద హెచ్చరిక ఇచ్చిన రోజే దోసలంక వాళ్లని మోటారు పడవల్లో తెచ్చి మా స్కూల్లో పెట్టారు. నేను హాజరు వేసినట్టు పిల్లల పేర్లు పిలిచాను. హెలెన్ పలకలేదు. బుల్లబ్బాయి పలకలేదు. మొదటి పడవలో వచ్చి చుట్టాలింటికి వెళ్లిపోయారని ఎవరో అన్నారు. నమ్మాను. నిజం వేరు. జ్ఞానమ్మ గేదె ఈనడానికి ఉంది. దాన్ని వదిలి రానని ఆవిడ ఎత్తుగా ఉన్న పశువుల మిట్ట మీద ఉండిపోయింది. నాన్నమ్మని వదిలి పిల్లలు రాలేదు. ఈమధ్యే చెయ్యి విరిగి కట్టు కట్టుకున్న తాతాజీ వాళ్లకి తోడుగా ఉన్నాడు.

మర్నాడు పొద్దున్న ఏటిగట్టు మీదికి వెళ్లాను. మోటారు పడవలు ఇంకో లంకకి పోయాయి. మా వైపు పాయ అంత వెడల్పు కాదు, అవతల కనపడుతుంది. మిట్ట మీద నలుగురు మనుషులు. పక్కన చిన్న పడవ. ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. నేను బోర్డు మీద రాసిన లెక్కే.

గట్టు మీద చాలామంది ఉన్నారు. మిట్ట మీదివాళ్లు ఇప్పుడు ఏం చెయ్యబోతున్నారో నాకొక్కడికే తెలుసు. అరిచాను. గాలికి నా అరుపు నాకే వినపడలేదు.

పిల్లలిద్దరూ పడవెక్కారు. పడవ మా రేవు వైపు తిరగనైనా లేదు, కిందికి పోయింది. నేను గట్టు వెంట పరిగెత్తాను. ఇటుక బట్టీ దాటాక, నీట మునిగిన కొబ్బరితోటలో చెట్లకి తగిలి ఆగింది. తోట దగ్గరివాళ్లు మోకు విసిరారు. హెలెన్ దాన్ని పడవకి ముడేసింది. అందరం లాగాం. బుల్లబ్బాయి దిగి వాంతి చేసుకున్నాడు. హెలెన్ దిగలేదు.

"తాడు వదలండి సార్. నేను వెనక్కెళ్లాలి."

"ఎక్కడికే తల్లీ?"

"పడవ తీసుకెళ్లాలి కదండి. నేనెళ్తేనే నాన్నమ్మ వస్తాది. రెండో మెట్టండి."

తాడు చేతికి చుట్టుకున్నాను. వదలమంది. వదలనన్నాను. దిగి నా మీద పడి చెయ్యి కొరికింది. గాట్లు ఇంకా ఉన్నాయి. అక్కడి నుంచి మిట్ట కనపడదు. జ్ఞానమ్మ నిలబడి ఉందో, పోయిందో తెలియదు. పడవ పంపితే పిల్ల పోతుంది. పంపకపోతే పెద్దవాళ్లిద్దరూ పోవచ్చు. నాకు ఈత రాదు. ఆ తాడు పట్టుకుని ఉండడం తప్ప ఆ ఒడ్డున నాకు చేతనైంది ఏమీ లేదు.

మధ్యాహ్నం దాటాక మోటారు పడవ వాళ్లిద్దర్నీ తెచ్చింది. గుండెల దాకా నీళ్లలో, పశువుల పాక రాటని పట్టుకుని ఉన్నారట. గేదె పోయింది. జ్ఞానమ్మ జ్వరంతో అమలాపురం ఆసుపత్రిలో ఉంది.

తాతాజీని అడిగాను, పిల్లల్ని పడవ ఎలా ఎక్కనిచ్చావని. "నేను వద్దన్నానండి. ఆ పిల్లేమో 'ఇద్దరు పిల్లలు చాలు తాతా, మా సార్ లెక్క కట్టారు' అంది. సారే చెప్పాక మేం అడ్డం చెప్తామాండి?" అన్నాడు. నన్ను తప్పుపట్టడానికి అనలేదు. మర్యాదగానే అన్నాడు.

హెలెన్ నాతో మాట్లాడటం లేదు.

మీ మణిశంకర్


రామచంద్రపురం
5 ఆగస్టు 2024

చి. మణికి,

నీ ఉత్తరంలో మొదటి వాక్యం నాగదుర్గకి చూపించాకే మిగతాది చదివాను. మీ అమ్మ ఇక్కడే ఉంది. చెయ్యి డాక్టరుకి చూపించావా అని అడుగుతోంది. మనిషి కరిచినా సూది వేయించుకోవాలట.

ఆ నియమం నాకెలా అబ్బిందా అని ఆలోచిస్తున్నాను. పేపర్లు దిద్దుతూ అబ్బింది. పిల్లలు ఒక్కొక్కరు ఒక్కొక్కటి కలిపి రాస్తే దిద్దడం కష్టం. అందరూ ఒకే జవాబు రాస్తే తేలిక. ఆ తేలిక కోసం పెట్టుకున్నదాన్ని గణితం అని చెప్పుకున్నాను. నా దగ్గర చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్నారు. ఒకడు వంతెనలు కడతాడు. ఒకమ్మాయి ఆసుపత్రిలో మందుల మోతాదు చూస్తుంది. వాళ్లకి తెలిసినదాన్ని, కాగితంలో లేదని ఎప్పుడైనా వదిలేస్తున్నారేమో. పడుకుంటే ఇదే. మెషీన్ తీసేసినా ఈ మాట వినపడుతూనే ఉంటుంది.

పొడుపు లెక్కలు మానేస్తానని నువ్వు రాయలేదు. రాస్తావేమోనని భయపడ్డాను. మానకు. కానీ ముందు ఆ పిల్లని అడుగు. ఆ రోజు ఏం అనుకుని పడవెక్కిందో అడుగు. ఏం చెబుతుందోనని నీకు భయంగా ఉంటుంది. అయినా అడుగు.

అత్తయ్య


దోసలంక రేవు
14 ఆగస్టు 2024

అత్తయ్యకి,

సూది వేయించుకున్నాను, అమ్మకి చెప్పండి.

స్కూలు తెరిచాక హెలెన్ వచ్చింది. వెనక బెంచీలో కూర్చుంది. యూనిట్ టెస్టులో పడవ లెక్క కావాలనే మళ్లీ ఇచ్చాను. లాగుడు అని రాస్తుందని ఎదురుచూశాను. ప్రతి మెట్టూ సరిగ్గా రాసింది. ఏరు అన్న మాటే లేదు. దానికి పూర్తి మార్కులు వెయ్యాలి. పెన్ను కదల్లేదు.

స్టాఫ్ రూమ్‌కి పిలిచి అడిగాను.

"లాగుడు సంగతి రాయలేదేం?"

"రాస్తే సున్నా వేస్తారు కదండి."

"ఆ రోజు ఒక్కదానివే వెనక్కెళ్లలేవని నీకు తెలియదా?"

"తెలుసండి."

"తెలిసీ ఎందుకు వెళ్తానన్నావు?"

"నాకు తెలిసింది తప్పేమో అనుకున్నానండి. లెక్కలో అయితే వెళ్లిపోద్ది కదా."

అత్తయ్యా, ఆ కొబ్బరితోటలో కంటే ఆ స్టాఫ్ రూమ్‌లో నాకు ఎక్కువ భయం వేసింది.

మర్నాడు తరగతిలో, నేను వేసిన సున్నాలు తప్పని అందరి ముందూ చెప్పాను. లెక్క బోర్డు మీద రాసి, ఇందులో ఏం లేదో చెప్పమన్నాను. ఒకటే గోల. గాలి, సుడి, పడవకి చిల్లు, "బుల్లబ్బాయి బరువు సార్, వాడు ఇద్దరు పెద్దవాళ్ల పెట్టు!" అని ఎవడో అరిచాడు. బోర్డు చాల్లేదు. ఇది ఉంటే జవాబు ఎలా మారుతుంది, అది ఉంటే ఎలా మారుతుంది అని జట్లు కట్టి కొట్టుకున్నారు. వీరబ్రహ్మం గారు కిటికీలోంచి తొంగిచూసి వెళ్లారు. హెలెన్ మాత్రం నోరు విప్పలేదు.

ఇవాళ జ్ఞానమ్మని ఆసుపత్రి నుంచి పంపించారు. లంకకి దింపడానికి నేనూ వస్తానన్నాను. పొద్దున్న మొదటిసారి ఈ పడవెక్కి, ముందు లంకకి వచ్చాను. వాళ్ల ఇల్లు ఎలా ఉందో చూసి, ఒంటిచేత్తో సాయం పట్టిన తాతాజీతో కలిసి పాక నిలబెట్టాక, అవతలి ఒడ్డున ఉన్న జ్ఞానమ్మని తీసుకురావాలని అనుకున్నాం. పడవలో రెండు చేతులతో చెక్క పట్టుకుని కూర్చున్నాను. జాకెట్ వేసుకున్నాను. నన్ను చూసి నవ్వినవాళ్లు, నవ్వుతూనే తామూ వేసుకున్నారు.

ఇప్పుడు అవతలి ఒడ్డుకి బయల్దేరాలి. నేను, తాతాజీ, పిల్లలిద్దరూ పడవలో కూర్చున్నాం. ఏం మాట్లాడాలో తెలియక హెలెన్‌ని అడిగాను, "ఈ పడవ ఎంతమందిని మోస్తుందమ్మా?" అని.

ఆ పిల్ల నా వైపు చూడలేదు. ఏటి వైపు చూసింది.

"గాలి ఎటుందో చూడకుండా ఎలా చెప్తామండి?" అంది. లేచి నిలబడి, పైనున్న సరుగుడు చెట్లు చూసింది. "పెరుగుతోంది. ఇప్పుడొద్దు సార్. తాతా, దిగు. రేయ్ బుల్లబ్బాయ్, నిన్నే, దిగు. సార్, మీరు కూడాను."

తాతాజీ ఏదో గొణిగాడు. అయినా దిగాడు. అందరం దిగాం. అవతలి రేవులో జ్ఞానమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది, చెయ్యి ఊపి ఏంటి ఆలస్యం అన్నట్టు అడుగుతోంది. హెలెన్ చేత్తో ఆగమని సైగ చేసింది.

ఈ ఉత్తరం ఇక్కడే, రేవు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. గాలి ఇంకా తగ్గలేదు.

మణి